మురుగు దారిలో ‘రోటా’ ముప్పు
* చుక్కల మందుతో కొంత రక్షణ.. మిగతాది పారిశుద్ధ్యానిదే
* జంట జలాశయాల ఎగువన పెరుగుతున్న సెప్టిక్ ట్యాంకులు
* వైరస్‌ను నిర్వీర్యం చేసే మార్గాలు తెలిసినవే.. అమలే కరవు

మొయినాబాద్: పసిపిల్లలకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ‘పళ్లు వస్తున్నాయి’, ‘దిష్టి తగిలింది’ అని సరిపెట్టుకోవడం పల్లెల్లో నేటికీ ఉంది. ఐదేళ్లలోపు పిల్లలు తీవ్రమైన విరేచనాలతో ఆసుపత్రుల్లో చేరిన సందర్భాలను దేశవ్యాప్తంగా పరిశీలించినప్పుడు, టీకా రాకముందు వాటిలో దాదాపు 40 శాతానికి కారణం పళ్లూ కాదు, దిష్టీ కాదు.. రోటా వైరస్ అని తేలింది. 2011-13 నాటి అంచనాల ప్రకారం ఈ వైరస్ ఏటా దేశంలో సుమారు 78 వేల మంది చిన్నారులను బలిగొనేది. దాదాపు 8.7 లక్షల మందిని ఆసుపత్రుల పాలు చేసేది. టీకా వచ్చాక పరిస్థితి మెరుగుపడింది. అయినా వైరస్ ఊరు విడిచి పోలేదు. బిడ్డ కడుపు నుంచి మరుగుదొడ్డికి, అక్కడి నుంచి మురుగుకు, మురుగు నుంచి మళ్లీ చేతులకు, నీటికి, కూరగాయలకు చేరే దారి ఇంకా తెరుచుకునే ఉంది.

ఈ దారి ఎక్కడ మూయాలన్న ప్రశ్న మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతానికి మిగతా చోట్లకన్నా ముఖ్యమైనది. ఎంకపల్లి వంటి గ్రామాలు మూసీ, ఈసీ నదుల పరీవాహకంలో, నగరానికి తాగునీరిచ్చే జంట జలాశయాల ఎగువన ఉన్నాయి. ఒకప్పుడు జొన్న, కూరగాయల సాగుతో బతికిన ఊళ్లలో నేడు కళాశాలలు, వసతి గృహాలు, ఫంక్షన్ హాళ్లు, ఫాంహౌస్‌లు వెలిశాయి. ఎంకపల్లిలోనే భాస్కర్ వైద్య కళాశాల, దాని అనుబంధ ఆసుపత్రి ఉన్నాయి. జనం పెరిగారు. మురుగూ పెరిగింది. దాన్ని శుద్ధి చేసే ఏర్పాటు మాత్రం ఆ వేగంతో పెరగలేదు.

చక్రంలాంటి వైరస్

1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం విరేచనాలతో బాధపడుతున్న పిల్లల పేగు కణాల్లో ఈ వైరస్‌ను గుర్తించింది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో బండిచక్రంలా కనిపించడంతో, లాటిన్‌లో చక్రమనే అర్థమిచ్చే ‘రోటా’ పేరు స్థిరపడింది. దీని జన్యు పదార్థం పదకొండు ముక్కల జంటపోగుల ఆర్‌ఎన్‌ఏ. దానిచుట్టూ మూడు పొరల ప్రొటీన్ కవచం ఉంటుంది. కరోనా వైరస్‌కు ఉన్నట్లు కొవ్వు పొర దీనికి లేదు. అందుకే సబ్బు నురుగు తగలగానే కరోనా వైరస్ విచ్ఛిన్నమైనట్లు రోటా విచ్ఛిన్నం కాదు. సబ్బుతో కడిగినప్పుడు అది చచ్చేదానికన్నా చేతి నుంచి జారిపోయేదే ఎక్కువ. కాబట్టి ధారగా నీళ్లు పోసి బాగా రుద్ది కడుక్కోవడం తప్పనిసరి.

వైరస్ ఒంట్లోకి చేరిన ఒకటి నుంచి మూడు రోజుల్లో వాంతులు, జ్వరం, ఆ వెంటనే నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. ఇవి మూడు నుంచి ఎనిమిది రోజులు ఉండవచ్చు. ప్రాణం తీసేది వైరస్ నేరుగా కాదు, ఒంట్లోని నీరు, లవణాలు హరించుకుపోవడం. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లలకే ముప్పు ఎక్కువ. దీన్ని చంపే ప్రత్యేకమైన మందు లేదు. యాంటీబయాటిక్‌లు దీనిపై పనిచేయవు.

అంకెలు చెప్పే నిజం

వ్యాధి తీవ్రంగా ఉన్న బిడ్డ ఒక్క గ్రాము మలంలో వెయ్యి కోట్లు, అంతకుమించిన వైరస్ కణాలు ఉండవచ్చు. మరో బిడ్డకు జబ్బు అంటడానికి వందలోపు కణాలు చాలు. మురుగు శుద్ధి ఎంత పకడ్బందీగా జరగాలో ఈ రెండు అంకెలే చెబుతాయి. 99 శాతం వైరస్‌ను తొలగించామంటే గొప్పగానే వినిపిస్తుంది. కానీ వెయ్యి కోట్లలో 99 శాతం పోయినా ఇంకా పది కోట్లు మిగులుతాయి. 99.99 శాతం తొలగించినా పది లక్షలు మిగులుతాయి. వాటిలో అన్నీ సజీవంగా ఉండవు, నీటిలో కలిసి పలుచబడతాయి కూడా. అయినా ‘చాలావరకు శుద్ధి’ అన్న మాట వైరస్‌ల విషయంలో చెల్లదని గుర్తించాలి.

సాధారణంగా గాలి ఊది సూక్ష్మజీవులతో శుభ్రపరిచే శుద్ధి కేంద్రాల్లో రెండో దశ ముగిసేసరికి 90 నుంచి 99 శాతం వైరస్‌లు తగ్గుతాయి. అవి కూడా అన్నీ నశించవు. చాలావరకు బురదకు అతుక్కుని అడుగుకు చేరతాయి. అంటే నీటిలో తగ్గిన ముప్పు బురదలో పేరుకుంటుంది. ఆ బురదను శుద్ధి చేయకుండా పొలాలకు ఎరువుగా తోలితే సమస్య చోటు మారుతుందే తప్ప తీరదు.

మరో లోపం పరీక్షల్లో ఉంది. శుద్ధి కేంద్రాల నీటి నాణ్యతను మల సంబంధ కోలిఫాం బ్యాక్టీరియా లెక్కతోనే తేలుస్తున్నారు. 2017లో కేంద్ర పర్యావరణ శాఖ ప్రకటించిన ప్రమాణాల ప్రకారం వంద మిల్లీలీటర్లలో వాటి సంఖ్య వెయ్యికి మించరాదు. వైరస్‌లకు ప్రత్యేక పరిమితి లేదు. బ్యాక్టీరియా క్లోరిన్‌కు త్వరగా చస్తుంది. వైరస్‌లు అంతకన్నా మొండివి, నీటిలో ఎక్కువ కాలం నిలిచేవి. బ్యాక్టీరియా లేదని తేలినంత మాత్రాన వైరస్ లేదని అనుకోలేం.

నిర్వీర్యం చేసేదెలా?

రోటా వైరస్‌ను నిర్వీర్యం చేసే పద్ధతులు కొత్తవి కావు. అయితే ఏ పద్ధతి ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ విఫలమవుతుందో తెలిసి వాడాలి.

క్లోరిన్: శుభ్రమైన నీటిలో స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్ రోటాను నిమిషాల్లోనే నిర్వీర్యం చేస్తుంది. క్లోరిన్ కలిపిన అరగంట తరువాత కూడా లీటరుకు 0.5 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ మిగిలి ఉండాలని, నీరు తేటగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మురుగునీటిలో కథ వేరు. అందులోని అమ్మోనియాతో క్లోరిన్ కలిసిపోయి క్లోరమీన్లుగా మారుతుంది. వీటికి వైరస్‌లను చంపే శక్తి చాలా తక్కువ. మడ్డి నీటిలోని రేణువుల చాటున వైరస్ దాక్కుంటుంది. నల్లని మురుగు కాలువలపై బ్లీచింగ్ పౌడర్ చల్లితే వాసన తగ్గుతుంది. ఫొటోలు బాగుంటాయి. వైరస్ మాత్రం మిగిలే ఉంటుంది. ముందు మడ్డిని తొలగించి, ఆ తరువాతే క్లోరిన్ కలపాలి.

అతినీలలోహిత కిరణాలు: జంటపోగుల ఆర్‌ఎన్‌ఏ ఉన్నందున రోటా ఈ కిరణాలను చాలా బ్యాక్టీరియాలకన్నా గట్టిగా తట్టుకుంటుంది. 99.99 శాతం నిర్వీర్యానికి చదరపు సెంటీమీటరుకు సుమారు 40 మిల్లీజౌళ్ల మోతాదు అవసరం. దీపాలపై మడ్డి పేరుకున్నా, కరెంటు పోయినా ఫలితం ఉండదు.

ఓజోన్: త్వరగా, గట్టిగా పనిచేస్తుంది. ఖర్చు, నిర్వహణ భారం ఎక్కువ. పెద్ద కేంద్రాలకే అనువైనది.

సున్నం: పల్లెలకు, చిన్న పట్టణాలకు అందుబాటులో ఉన్న ఆయుధం ఇదే. సెప్టిక్ ట్యాంకుల నుంచి తోడిన మలవ్యర్థంలో సున్నం కలిపి పీహెచ్‌ను 12కు పెంచి, కనీసం రెండు గంటలు అలాగే ఉంచితే అందులోని సూక్ష్మజీవులు, వైరస్‌లు భారీగా తగ్గుతాయి. ఇందుకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. సున్నం, కలిపే తొట్టి, పీహెచ్ కొలిచే పట్టీలు, శిక్షణ పొందిన మనిషి ఉంటే చాలు. అయితే మలవ్యర్థాన్ని చేతులతో ఎత్తించడం 2013 చట్టం ప్రకారం నేరం. యంత్రాలతోనే చేయించాలి.

ఎండ, కాలం: శుద్ధి చెరువుల్లో మురుగును వారాల తరబడి నిల్వ ఉంచితే ఎండ, వేడి, నీటిలోని సూక్ష్మజీవులు కలిసి వైరస్‌ను తగ్గిస్తాయి. తెలంగాణ ఎండకు కొదవ లేదు. స్థలమే సమస్య. రెండు గుంతల మరుగుదొడ్డి సూత్రమూ ఇదే. ఒక గుంత నిండాక మూసి, రెండోదాన్ని వాడుతూ మొదటిదాన్ని కనీసం ఏడాది కదపకుండా వదిలేస్తే మలం ఎరువుగా మారుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, పలు రాష్ట్రాల అధికారులు స్వయంగా అలాంటి గుంతలోకి దిగి ఎరువును ఎత్తి చూపారు. అక్కడ పనిచేసిన సూత్రం రంగారెడ్డి జిల్లాలోనూ పనిచేస్తుంది.

వేడి: ఇంట్లో అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే. తాగే నీరు తెర్లే దాకా కాచి, మూతపెట్టి చల్లార్చితే రోటాతో సహా విరేచనాలకు కారణమయ్యే వైరస్‌లు నశిస్తాయి.

జలాశయాల ఎగువన..

1908 సెప్టెంబరు నాటి మూసీ వరద బీభత్సం తరువాత నిర్మించినవే ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927). వరదను ఆపడంతోపాటు నగరానికి దశాబ్దాలపాటు తాగునీరిచ్చాయి. వీటి రక్షణకు 1996 మార్చి 8న జీవో 111 వెలువడింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. 2022 ఏప్రిల్ 12న జారీ అయిన జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. ఆ ఉత్తర్వులోనే ఒక షరతు ఉంది. జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినరాదు. అందుకు మురుగు శుద్ధి కేంద్రాలు నిర్మించాలి, శుద్ధి చేసిన నీటిని తరలించే మళ్లింపు కాలువలు తవ్వాలి. సడలింపు ఒక్క సంతకంతో వచ్చేస్తుంది. శుద్ధి కేంద్రానికి స్థలం, నిధులు, ఏళ్ల సమయం కావాలి. ముందు ఇళ్లు, వెనుక మురుగు శుద్ధి అన్న వరసలో సాగితే ఏమవుతుందో దిగువన మూసీయే చూపుతోంది.

2021లో ప్రభుత్వం వెల్లడించిన లెక్కల ప్రకారం హైదరాబాద్ మహానగర ప్రాంతంలో రోజుకు 195 కోట్ల లీటర్ల మురుగు వెలువడేది. శుద్ధి అయ్యేది 77.2 కోట్ల లీటర్లే. మిగిలినదంతా చెరువులకు, మూసీకి చేరింది. ఆ ఏడాదే రూ.3,866 కోట్లతో సుమారు 126 కోట్ల లీటర్ల సామర్థ్యంతో 31 కొత్త కేంద్రాల నిర్మాణానికి నిర్ణయించారు. నగరం పెరిగిన తరువాత శుద్ధి కేంద్రాలు కట్టడానికి అయ్యే ఖర్చుకు ఇది నిదర్శనం. 2025లో పురపాలక సంఘాలుగా మారిన చేవెళ్ల, మొయినాబాద్‌లకు ఆ పొరపాటును ముందే తప్పించుకునే అవకాశం ఉంది.

ఇక్కడి ఇళ్లలో అధికభాగం సెప్టిక్ ట్యాంకులపైనే ఆధారపడ్డాయి. సెప్టిక్ ట్యాంకు శుద్ధి కేంద్రం కాదు. అది మడ్డిని అడుగున ఆపుతుంది, అంతే. పైనున్న నీరు వైరస్‌లతోనే బయటికి వస్తుంది. అడుగున కాంక్రీటు వేయకుండా కట్టిన ట్యాంకుల నుంచి నేరుగా భూగర్భంలోకి ఇంకుతుంది. మరుగుదొడ్డి గుంతకు, తాగునీటి బావికి మధ్య కనీసం 15 మీటర్ల దూరం ఉండాలన్న నియమం ఇరుకు ప్లాట్లలో కాగితానికే పరిమితం. రెండు మూడేళ్లకోసారి తోడించాల్సిన ట్యాంకులను పొంగిపొర్లే దాకా పట్టించుకోరు. తోడిన ట్యాంకర్ ఎక్కడ ఖాళీ అవుతుందో అడిగే నాథుడు లేడు. వాగులో పోస్తే అది జలాశయానికి చేరుతుంది. పొలం గట్టున పోస్తే నగర మార్కెట్లకు వెళ్లే ఆకుకూరలకు అంటుతుంది.

మురుగు చెప్పే జోస్యం

మురుగు ముప్పు మాత్రమే కాదు, ముందస్తు హెచ్చరిక కూడా. ఈ సంగతి జిల్లాకు అనుభవమే. 2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగు నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ బయటపడింది. ఒక్క బిడ్డకూ పక్షవాతం రాకముందే ప్రభుత్వం కదిలింది. జూన్ 20 నుంచి 26 వరకు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోని ముప్పున్న ప్రాంతాల్లో సుమారు మూడు లక్షల మంది చిన్నారులకు పోలియో సూది మందు వేయించింది. 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగర మురుగు శుద్ధి కేంద్రాల నమూనాలతో కొవిడ్ వ్యాప్తిని అంచనా వేశారు.

ఇదే పద్ధతిని రోటాకూ వర్తింపజేయవచ్చు. పీహెచ్‌సీల్లో నమోదయ్యే విరేచనాల కేసులను, మురుగు నమూనాల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏ వాడలో వైరస్ తిరుగుతోందో ముందే తెలుస్తుంది. అయితే రెండు జాగ్రత్తలు అవసరం. జన్యు పరీక్షలో వైరస్ ఆనవాలు దొరికినంత మాత్రాన అది సజీవంగా ఉన్నట్లు కాదు. టీకా వేసిన పిల్లల మలంలోనూ కొన్నాళ్లు టీకా వైరస్ కనిపిస్తుంది. ఈ తేడాలు తేల్చగల ప్రయోగశాల తోడు లేకుండా అంకెలు ప్రకటిస్తే జనంలో భయం తప్ప ప్రయోజనం ఉండదు.

టీకా మన గడ్డదే.. అయినా

రోటా టీకా కథలో హైదరాబాద్‌ది పెద్ద పాత్ర. 1980వ దశకం మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె.భాన్ బృందం నవజాత శిశువుల్లో గుర్తించిన 116ఇ రకం వైరస్ నుంచి హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ ‘రోటావాక్’ను రూపొందించింది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువులపై పరీక్షించారు. 2015 మార్చి 9న విడుదలైంది. 2016 మార్చిలో సార్వత్రిక టీకా కార్యక్రమంలో రోటా టీకాను ప్రవేశపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలంగాణలో 2019లో మొదలైంది. ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో ఉచితంగా ఇస్తున్నారు.

ఆ పరీక్షల్లో తీవ్రమైన రోటా విరేచనాల నుంచి తొలి ఏడాది దక్కిన రక్షణ సుమారు 56 శాతం. సంపన్న దేశాల్లో ఇతర రోటా టీకాలు 85 శాతానికి పైగా రక్షణ ఇస్తుండగా, అవే టీకాలు పేద దేశాల్లో తక్కువగా పనిచేస్తున్నాయి. అంటే లోపం టీకాది కాదు. పుట్టినప్పటి నుంచి మురికి నీటితో, పదేపదే సోకే అంటువ్యాధులతో పసిపేగులు దెబ్బతినడం, పోషకాహార లోపం ఇందుకు కొంత కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. పారిశుద్ధ్యం మెరుగుపడితే వైరస్ తగ్గడమే కాదు, టీకా కూడా మరింత బాగా పనిచేసే అవకాశం ఉంది.

పారిశుద్ధ్యం ఒక్కటే చాలదన్నదీ నిజమే. చక్కని మురుగు వ్యవస్థలున్న దేశాల్లోనూ టీకా రాకముందు దాదాపు ప్రతి బిడ్డకూ ఐదేళ్లలోపే రోటా సోకేది. చేతులు, ఆటబొమ్మలు, గచ్చు.. వీటి ద్వారా సులువుగా పాకే వైరస్ ఇది. అందుకే టీకాకు శుద్ధి ప్రత్యామ్నాయం కాదు. శుద్ధికి టీకా ప్రత్యామ్నాయం కాదు.

ఇంట్లో చేయాల్సింది

బిడ్డకు విరేచనాలు మొదలైతే తల్లిపాలు ఆపరాదు. ఓఆర్‌ఎస్ పొట్లాన్ని దానిపై రాసిన కొలత ప్రకారం కాచి చల్లార్చిన నీటిలో కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. జింక్ మాత్రలు 14 రోజులు ఇవ్వాలి. ఆరు నెలలు నిండితే రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవారికి పది మిల్లీగ్రాములు. కళ్లు లోతుకు పోవడం, మూత్రం తగ్గడం, మత్తుగా పడి ఉండటం, మలంలో రక్తం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తీపి పానీయాలపై హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదేనని చూసి కొనాలి. పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్త వద్ద ఉచితంగా దొరుకుతుంది.

పిల్లల మలం హానిలేనిదన్న భ్రమ వీడాలి. వైరస్ ఎక్కువగా ఉండేది అందులోనే. దాన్ని పెంటకుప్పపై, కాలువలో పారేయకుండా మరుగుదొడ్డిలోనే వేయాలి. ఆ తరువాత, అన్నం పెట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పచ్చిగా తినే కూరగాయలను ధారగా పారే నీటిలో కడగాలి.

అధికారులు చేయాల్సింది

కొత్త పురపాలక సంఘాలు చేయాల్సిన పనులు అసాధ్యమైనవి కావు. ప్రతి ఇంటి, వసతి గృహం, ఫంక్షన్ హాలు సెప్టిక్ ట్యాంకును నమోదు చేయాలి. మూడేళ్లకోసారి తోడించడం తప్పనిసరి చేయాలి. ట్యాంకర్లకు లైసెన్సు, అవి ఎక్కడ ఖాళీ చేశాయో తెలిపే రసీదు ఉండాలి. వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే మలవ్యర్థాల నిర్వహణకు నిబంధనలు రూపొందించింది. ఆ నమూనా కళ్లెదుటే ఉంది. మొయినాబాద్, చేవెళ్లలకు కలిపి ఒక మలవ్యర్థ శుద్ధి కేంద్రం నిర్మించవచ్చు. అది పూర్తయ్యే దాకా సున్నంతో శుద్ధి చేసే తాత్కాలిక ఏర్పాటైనా ఉండాలి.

ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో క్లోరినేషన్‌ను అంచనాతో కాక లెక్కతో చేయాలి. తేట నీటికి వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ అన్నది సాధారణ కొలత. అరవై వేల లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు. మూత తీసి నెలల తరబడి ఉంచిన పౌడర్‌లో క్లోరిన్ ఆవిరైపోతుంది. అందుకే ఎంత కలిపామన్నది కాదు, వీధి చివరి నల్లాలో ఎంత మిగిలిందన్నదే పరీక్షించాలి. ఆ అంకెను రోజూ పంచాయతీ, పురపాలక కార్యాలయ బోర్డుపై రాస్తే జనమే నిలదీస్తారు.

ఊరు నగరంగా మారుతున్న వేళ రహదారులకు, వెంచర్లకు ముందుగా గీతలు గీస్తున్నారు. భూమి కింది పైపులకు, మురుగు శుద్ధి స్థలానికి కూడా అదే పటంలో, అదే రోజున చోటు కేటాయించాలి. భూముల ధరలు పెరిగాక ఆ స్థలం దొరకదు. అప్పుడు మురుగు తన దారి తానే వెతుక్కుంటుంది. ఆ దారి వాగుల మీదుగా జలాశయానికి, బోరుబావులకు, చివరికి పాలుతాగే పసివాళ్ల దాకా వెళుతుంది.